అదుగో, నాన్న

తాయారు గడ్డాన్ని దిమ్మ మీద ఆనించి, అద్దానికి అటూ ఇటూ గీసిన పసుపు గీతల మధ్యకి ముఖాన్ని సర్దుకుంది. కళ్ళలో రెండేసి చుక్కల మందు వేసుకుంది. నుదుట మెరూన్ బొట్టు, ఆకుపచ్చ జాకెట్టు, చెవి వెనక గుడ్డతో చేసిన మల్లెపూలు, అన్నీ నిన్నటివే, మొన్నటివే, ఎనిమిది నెలల కిందటివే. పసిపిల్లలకి మార్పు గిట్టదని, ఇక్కడి తెరలన్నిటినీ నడిపే యంత్రం పొత్తిలి తేల్చింది. పొత్తిలి ఒక మాట తేల్చాక తాయారు జడ కూడా తన ఇష్టప్రకారం వేసుకోవడానికి లేదు.

గడియారం ఏడున్నర చూపించింది.

"ఏం బంగారం, లేచావా?" అంది తాయారు.

మూడు వందల పన్నెండు ఇళ్ళలో లాలితెరలు వెలిగాయి. తాయారు అన్నది ఒక్కసారే. ఏ ఇంటికి ఆ ఇంటి బిడ్డ పేరు అతికించడం, పేరుకి తగ్గట్టు పెదవులు కదిలించడం, ఒక్కొక్క బిడ్డ కళ్ళలోకి సూటిగా చూస్తున్నట్టు ఆమె చూపుని మలచడం పొత్తిలి పని. అందుకే ఆ మూడు వందల పన్నెండు మందిలో ప్రతి బిడ్డా ఈవిడ నా ఒక్కరి మనిషే అనుకుంటుంది.

కాకినాడలో సముద్రం ఇప్పుడు గోడ అవతల ఉంది. గోడ నిలబడాలంటే పంపులు ఆగకూడదు, పంపులు ఆగకూడదంటే మనుషులు డ్యూటీలు తప్పకూడదు. గోడ కాలనీలో తల్లిది ఒక షిఫ్టు, తండ్రిది ఒక షిఫ్టు. ఇద్దరూ కలిసి ఇంట్లో ఉండేది వారానికి ఒక్క పూట. బిడ్డని తొట్టిలో వేసి వెళ్ళిపోతారు. పాలు పట్టడానికి, గుడ్డలు మార్చడానికి తొట్టికి చేతులున్నాయి. ముఖం మాత్రం లేదు. ఆ లోటు తీర్చడానికి ఈ భవనం మూడో అంతస్తులో నలభై గదులున్నాయి, గదికొక ముఖం ఉంది.

అద్దం మూలన చూపుబిగి నూటికి తొంభై నాలుగు దగ్గర నిలిచింది. అది తొంభై కిందికి దిగితే తాయారు కూర్చున్న కుర్చీ సన్నగా వణుకుతుంది. అప్పుడు ఆమె కనుబొమలు ఎగరేస్తుంది, బుగ్గలు పూరిస్తుంది, జారిపోయిన చూపులన్నీ తిరిగొచ్చి తెరకి అతుక్కుంటాయి. ఈ పనిలో ఆమె దిట్ట. వీధిలోకి వెళ్తే ముఖాలు మాస్కు వేసుకోవాలని నియమం. ఒకసారి మర్చిపోయి బస్సెక్కితే ఏడుగురు పిల్లలు తల్లుల భుజాల మీంచి ఆమె వైపు చేతులు చాచారు. మధ్యలో దిగిపోయి ఇంటికి నడిచి వెళ్ళింది.

తొమ్మిది దాటాక ఏసీలోంచి దుమ్ము కొట్టింది. తాయారుకి తుమ్ము వచ్చింది. అద్దం మీద తుంపర పడకూడదన్న తొందరలో తలని కుడివైపుకి తిప్పేసింది, పసుపు గీత దాటిపోయింది.

గీత దాటితే పొత్తిలి పట్టు వదిలేస్తుంది. తాయారు నిజంగా ఎటు చూస్తే తెరల మీద కూడా అటే చూస్తుంది. ఆమె మళ్ళీ అద్దం వైపు తిరిగేసరికి ఎర్రటి అక్షరాలు వచ్చి ఉన్నాయి. జారు: 289 ఇళ్ళు.

రెండు వందల ఎనభై తొమ్మిది మంది పిల్లలు ఒక్కసారిగా ఆమె చూసిన వైపుకి తలలు తిప్పారు. అటు ఈవిడకి ఏం కనపడిందో తామూ చూద్దామనుకున్నారు కాబోలు. తాయారుకైతే కనపడింది వట్టి గోడ.

ఆ అంతస్తు బాధ్యురాలు సుభాషిణి వేడినీళ్ళ గ్లాసుతో వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నియమాలు ఆవిడ రాసినవీ కావు.

"తుమ్ము వస్తే అద్దం వైపే తుమ్మమని శిక్షణలో చెప్పాం కదా తాయారూ."

"చెప్పారండి. ఆ తుమ్మే ముందుగా చెప్పి రాలేదండి."

సుభాషిణి నవ్వు ఆపుకుంది. "ఇది ఒక జారు. ఒకే రోజు రెండోది పడితే నీ ముఖం తీసేస్తారు. పంపుల మీదికి పంపిస్తారు. అప్పుడు నేను అడ్డుపడినా ఆగదు. నీళ్ళు తాగు."

ఆవిడ వెళ్ళాక తాయారు కన్ను అద్దం కింద అంటించిన నిషిద్ధ పదాల పట్టిక మీద పడింది. అటు. బయట. ఎవరొచ్చారో. అదుగో. ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్నదే, ఇవాళ మాత్రం నాలుగో మాట దగ్గర ఆగిపోయింది. తాయారు వాళ్ళమ్మ ఆ ఒక్క మాటతో రెండేళ్ళు ఆమెకి అన్నం తినిపించింది. అదుగో కాకి అని అమ్మ తల తిప్పేది, తాయారు తిరిగి చూసేది, చూస్తూ నోరు తెరిచేది, ముద్ద లోపలికి పోయేది. కాకి ఉన్నా లేకపోయినా సరే. ఆ మాట వింటే బిడ్డ చూపు తెరని వదిలేస్తుందని పొత్తిలి దాన్ని నిషేధించింది. వదిలేసే మాట నిజమే. ఇన్నాళ్ళూ తాయారు కూడా దాన్ని నష్టమనే అనుకుంది.

మధ్యాహ్నం భోజనానికి పావుగంట ఇస్తారు. ఎడమ పక్క గదిలో ముఖంగా పనిచేసే రమీజా క్యారేజీ విప్పుతూ, తాయారు అడక్కముందే చెప్పింది.

"నీ కొడుకు ఇయ్యాల రెండుసార్లు నవ్వేడక్కా."

తాయారు, సింహాద్రిల కొడుకు పండుకి పది నెలలు. వాడికి ముఖం రమీజా. ఎవరింటికీ వాళ్ళ ముఖం వెయ్యకూడదని నియమం. ఇళ్ళల్లో చూసినవి బయట మాట్లాడుకోకూడదని ఇంకో నియమం కూడా ఉంది గానీ, దాన్ని నలభై మందిలో ఒక్కరూ పాటించరు.

"పాలు తాగేడా?"

"శుబ్బరంగా తాగేడు. ఇంకాసేపట్లో సింహాద్రి బావ క్రేను దిగొచ్చేత్తాడు కదా. వచ్చి రోజూ ఆడి పక్కనే కూచుంటాడు. కూచున్నోడు కూచున్నట్టే నిద్దరపోతాడు పాపం. ఆడేమో బావవంక చూడనే చూడడు, నన్నే చూత్తాడు. నాకు సిగ్గేసుద్దక్కా."

"నీ తప్పేముందే ఇందులో."

"తప్పని కాదు. ఆ మనిషి నోరు తెరుచుకుని అట్టా వాలిపోతంటే, ఆడి మీద పడిపోతాడేవోనని నాకు భయం."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే తాయారుకి ఏడుపొచ్చింది. తన బిడ్డ ఎన్నిసార్లు నవ్వాడో పక్క మనిషి చెప్తే తెలుసుకోవాల్సి రావడం ఆమెకి ఏ రోజూ అలవాటు కాలేదు.

రెండింటికి నాలుగో అంతస్తు నుంచి మాన్పు జాబితా వచ్చింది. పిల్లల చూపుని తెర మీద నిలపడం మూడో అంతస్తు పని. అదే చూపుని తెర మీంచి తప్పించడం నాలుగో అంతస్తు పని. తెర చూసి చూసి పిల్లలకి మాటలు ఆలస్యమవుతున్నాయని డాక్టర్లు గోలపెట్టాక ఆ అంతస్తు పుట్టింది. రెండింటికీ పొత్తిలి ఒకటే. ఈ రెండు అంతస్తుల వాళ్ళూ లిఫ్టులో మాత్రం కలుస్తారు, కలిసినా ఎండల గురించే మాట్లాడుకుంటారు.

ఈ రోజు జాబితాలో ఒక్కటే పేరు ఉంది. ఎస్తేరు, పదకొండు నెలలు. గడువు ఇవాళ సాయంత్రం నాలుగు గంటలు.

మాన్పు వాళ్ళు అడిగేది ఒక్క విడుపు. పెద్దవాళ్ళెవరో ఒకరు పక్కన ఉండగా, బిడ్డ తనంతట తాను తొంభై సెకన్లు తెర వైపు చూడకుండా ఉంటే తెర ఆరిపోతుంది, మళ్ళీ షిఫ్టు దాకా వెలగదు. పన్నెండు రోజుల్లో ఒక్కసారి అలా జరిగితే చాలు. చేత్తో ఆపితే కుదరదు. ఆపినప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే అది తల్లిదండ్రుల నిర్లక్ష్యం కింద పడుతుంది. ఎస్తేరు ఇంట్లో అలాంటివి రెండు పడ్డాయి. ఇవాళ కూడా విడుపు లేకపోతే తల్లిదండ్రులకి తీరిక లేదని రాసి, బిడ్డని, వారమంతా పిల్లల్ని ఉంచుకునే వారశాలకి తీసుకుపోతారు. అది అరవై మైళ్ళ దూరంలో ఉంది. ఆదివారాలు మాత్రం చూడనిస్తారు.

తీరిక లేదన్న మాట అబద్ధం కాదు. ఆ తీరిక ఎటు పోయిందని అడిగే గడి మాత్రం ఆ ఫారంలో లేదు.

మూడుంపావుకి ఎస్తేరు ఇల్లు తాయారు అద్దంలోకి వచ్చింది. గడువు దగ్గరపడిన ఇంటిని రోజూ ఆ వేళకి పూర్తిగా ఆమె ముందుకి పంపిస్తారు. అప్పుడు ఆ ఇంటి చప్పుళ్ళు ఆమెకి వినపడతాయి, ఆమె మాట ఆ ఒక్క ఇంటికే వెళ్తుంది. ముఖం మాత్రం అన్ని ఇళ్ళకీ అదే.

పదకొండు రోజులుగా తాయారు ఎస్తేరు తండ్రిని చూస్తూనే ఉంది. పేరు ఏసుబాబు, పంపుల దగ్గర పని. మొదటి రోజు గిలక్కాయ తెచ్చాడు. మూడో రోజు కోడిలా కూశాడు. ఏడో రోజు తెరకి అడ్డంగా నిలబడి గంతులు వేశాడు. ఎస్తేరు చిన్న చెయ్యి ఊపి అతన్ని పక్కకి జరగమంది. ఆ పిల్లకి ఇప్పటిదాకా వచ్చిన సైగ అదొక్కటే.

ఇవాళ అతను పసుపు చొక్కా వేసుకుని వచ్చాడు. తల దువ్వుకున్నాడు. కూతురు కూర్చున్న చాప ముందు నిలబడి, కూతురితో కాకుండా తెరతో మాట్లాడాడు.

"మేడంగారండీ, నా మాట మీకు ఇనపడుద్దో లేదో నాకు తెల్దండి. పిల్లకి పసుపు రంగంటే ఇష్టమని మా ఆవిడ ఈ చొక్కా ఏసుకోమందండి. ఐసు ఫ్యాక్టరీలో డబల్ డ్యూటీ దానికి, రాలేకపోయింది. పొద్దున్నించి ఏటీ తిన్లేదంట."

ఇలాంటప్పుడు ముఖం మూడు వాక్యాలు చెప్పవచ్చు. "నమస్కారం. మీ బిడ్డ క్షేమంగా ఉంది. మీ సహకారానికి ధన్యవాదాలు," అని చెప్పి తాయారు సిగ్గుతో చచ్చిపోయింది.

"రేపొద్దున్నే బండొత్తాదంటండి," అన్నాడు ఏసుబాబు. "నేనేటి చెయ్యాలో ఎవుళూ చెప్పట్లేదండి. దానికి నా మొకం అడ్డొత్తంది, అంతే. దాని కళ్ళ ముందు నేనున్నా, నా ఎనకాల ఉన్న మిమ్మల్నే చూత్తాదండి."

అతను పక్కకి జరిగి చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఎస్తేరు మాత్రం రెప్ప వేయకుండా తాయారుని చూస్తోంది. నోరు కొంచెం తెరిచి, ఎంతో నమ్మకంగా చూస్తోంది. ఆ నమ్మకం తాయారుకి మొదటిసారి బరువనిపించింది. ఈ పిల్ల నన్ను చూడటమే కాదు, నేను దేన్ని చూస్తే దాన్ని కూడా చూస్తుంది అనుకుంది. పొద్దున్న వట్టి గోడని చూపిస్తేనే రెండు వందల ఎనభై తొమ్మిది మంది చూశారు.

రెండో జారు గుర్తొచ్చింది. పంపులు గుర్తొచ్చాయి, పండు గుర్తొచ్చాడు. గడియారం మూడూ ఇరవై రెండు చూపిస్తోంది.

"ఏసుబాబు గారూ," అంది.

రాసివ్వని మాట కాబట్టి కుర్చీ వణికింది. అవతల ఏసుబాబు కూడా అదిరిపడ్డాడు. "ఆయ్! మీరు మాటాడతారేటండీ?"

"మాట్లాడతాను. మీరు పాప పక్కన, కిటికీ వైపు, చాప మీద కూర్చోండి. గెంతొద్దు, కూయొద్దు. తెర వంక అసలు చూడకండి, పాప మొహమే చూస్తూ ఉండండి."

"కూచున్నానండి."

"అంతే. కదలకండి."

కిటికీ తాయారుకి ఎడమ వైపున ఉంది. ఆమె గడ్డాన్ని దిమ్మ మీంచి ఎత్తింది. దూరం నుంచి కావలసిన మనిషి వస్తుంటే ఎలా వెలుగుతుందో ముఖాన్ని అలా వెలిగించింది. అది ఆమెకి చేతనైన పనే, ఈసారి మాత్రం నటన అవసరం లేకపోయింది. వేలెత్తి చూపిస్తూ, పసుపు గీత దాటి, తలని నెమ్మదిగా ఎడమవైపుకి తిప్పింది.

"ఎస్తేరూ! అదుగో," అంది. "అదుగో, నాన్న!"

కుర్చీ దడదడమని ఊగింది. తాయారు కదల్లేదు. ఇప్పుడు ఆమెకి అద్దం కనపడదు. రెండు గదుల మధ్యనున్న గాజు గోడ అవతల రమీజా పక్కవాటుగా కనపడుతోంది, అంతే. ఎస్తేరు తిరిగిందో లేదో తెలియదు. తెలుసుకుందామని తాను వెనక్కి చూస్తే ఆ పిల్ల కూడా వెనక్కి చూస్తుంది. తొంభై దాకా లెక్కపెట్టడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

పదకొండు దగ్గర తలుపు తెరుచుకుంది.

"తాయారూ! ఇటు తిరుగు. ఇది రెండో జారు!" అంటూ సుభాషిణి లోపలికి వచ్చింది.

"తెలుసండి."

"మూడు వందల ఇళ్ళు! తిరుగుతావా, నిల్వ ముఖం వేసెయ్యమంటావా?" ముఖాలు సెలవు పెట్టినప్పుడు వాడే మీట తలుపు పక్కనే ఉంది. దాన్ని నొక్కితే తెరల మీదికి నిన్నటి తాయారు వచ్చేస్తుంది, సూటిగా చూస్తూ.

"వేసెయ్యండి మరి. ఒక్కసారి అద్దంలో చూసి చెప్పి వెయ్యండి. ఆ పాప ఎటు చూస్తోంది?"

మీట చప్పుడు కోసం తాయారు మెడ బిగబట్టుకుని ఉంది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. చప్పుడు రాలేదు.

"చొక్కా వైపు," అంది సుభాషిణి చివరికి. "గుండీ పట్టుకుంది."

"మొహం చూడట్లేదా?"

"ఉండు." ఆవిడ అద్దానికి దగ్గరగా వచ్చింది. ఆవిడ ఊపిరి తాయారు చెవికి వినపడుతోంది. "పైకి చూస్తోంది. చూస్తోంది తాయారూ. అతను బొమ్మలాగా కూర్చున్నాడు. ఊపిరన్నా పీలుస్తున్నాడో లేడో."

తాయారు ఎడమ మెడ నరం లాగేస్తోంది. చూపుడు వేలు నొప్పిగా ఉంది. యాభై. యాభై ఒకటి. చెవిలో ఏవో ఊసులు వినపడ్డాయి. మాట కాని మాట, పసిపిల్ల గొంతు. దాని వెనక ఏసుబాబు గుసగుసగా అన్నాడు.

"నేనేనమ్మా. ఈడే ఉన్నానమ్మా. రోజూ ఈడే ఉంటన్నాను."

డెబ్బై. డెబ్బై ఒకటి. పైనుంచి ఫోను మోగింది. నాలుగో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి ఫోను రావడం అదే మొదటిసారి. సుభాషిణి తీయలేదు.

"మేడంగారండీ," ఏసుబాబు గొంతు పెద్దదైంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. "ఇది నా మీసం పీకేత్తందండీ! నన్నే చూత్తందండీ! ఎస్తేరూ, ఒరేయ్ నా తల్లీ, నొప్పే, ఇదుగో నీ..."

టక్కుమని గొంతు ఆగిపోయింది. ఆ ఇంట్లో తెర ఆరిపోయింది.

తాయారు కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోలేదు. అలా తిరిగే ఉంది. చెవిలో ఇంకో టక్కు వినపడింది. ఇంకోటి. తర్వాత వరసగా నాలుగు.

"ఏమైందండీ?"

"ఆరిపోతున్నాయి," అంది సుభాషిణి. మీట మీంచి చెయ్యి ఎప్పుడు తీసేసిందో ఆవిడకే తెలిసినట్టు లేదు. "మూడింటి డ్యూటీ దిగిన ఇళ్ళు. ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది."

అన్ని ఇళ్ళూ ఆరలేదు. చాలా ఇళ్ళలో పిల్లలు తలతిప్పి ఎవరూ లేని కిటికీని చూశారు, ఖాళీ మంచాన్ని చూశారు, మళ్ళీ తెర వైపు తిరిగారు. ఆ పిల్లల సంగతి తర్వాత చాలా రోజులు తాయారుని బాధపెట్టింది. అప్పుడు మాత్రం వాళ్ళ ఇళ్ళకి కూడా ఎవరైనా వస్తారేమోనని వేలు దించకుండా కూర్చుంది.

"ఇంక చాలు, ఇటు తిరుగు," అంది సుభాషిణి. ఈసారి ఆ మాటలో గట్టితనం లేదు.

"ఇంకొక్క నిమిషమండి. ఇంకా ఇళ్ళున్నాయి."

గాజు గోడ అవతల రమీజా కంటి కొసనుంచి ఇటే చూస్తోంది. గడ్డం దిమ్మ మీదే ఉంది, ముఖం గీతల మధ్యే ఉంది. ఆమె ముందున్న అద్దంలో రెండు వందల తొంభై ఇళ్ళున్నాయి. వాటిలో ఒకటి తాయారుది. ఆ ఇంట్లో ఒక చాప, చాప మీద పండు, పక్కనే క్రేను దిగి వచ్చిన ఒక మనిషి.

రమీజా గడ్డం ఎత్తింది. నెమ్మదిగా కుడివైపుకి తిరిగింది, పసుపు గీత దాటింది. ఇద్దరూ గాజులోంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. రమీజా వేలు పైకి లేచింది. గాజు అవతల మాట వినపడలేదు గానీ, ఆ పెదవుల మీది మాట ఏదో తాయారుకి తెలిసింది.

సింహాద్రి ఈ ఒక్క పూటకి మేలుకుని ఉంటే బాగుండునని అనుకుంది తాయారు.